రోడ్డు పక్క కంప ఎవరు కొట్టాలి, కాల్వ ఎవరు తీయాలి?

తొలకరి పడిన వారానికే ఏ మండలంలో చూసినా ఇదే తగాదా. రోడ్డు కింది తూము నోట్లో సర్కారు తుమ్మ కొమ్మ అడ్డం పడుతుంది. దానికి గడ్డి చుట్టుకుంటుంది, గడ్డికి పాల ప్యాకెట్లు, నీళ్ల సీసాలు, ఎవరో పారేసిన సిమెంటు సంచి. రాత్రి వానకు నీళ్లు రోడ్డెక్కుతాయి. తెల్లారేసరికి కింది పొలంలో నారుమడి మునిగి ఉంటుంది, తారు అంచు కోసుకుపోయి ఉంటుంది. పంచాయతీకి వెళ్తే అది ఆర్ అండ్ బీ, అంటే రోడ్లు భవనాల శాఖ, రోడ్డంటారు. ఆర్ అండ్ బీ సెక్షన్ ఆఫీసులో అడిగితే కాల్వలోకి వచ్చేది ఊరి మురుగు కాబట్టి పంచాయతీ చూసుకోవాలంటారు. పక్క రైతు కాల్వ తన పట్టాలో ఉందంటాడు. ముగ్గురి మాటలోనూ ఎంతో కొంత నిజం ఉంది. చిక్కంతా అందుకే.

దీన్ని విప్పాలంటే రెండు ప్రశ్నలు విడదీసుకోవాలి. ఆ నేల ఎవరిది? ఆ నీరు ఎక్కణ్ణుంచి వచ్చి ఎక్కడికి పోతోంది? మొదటిదానికి చట్టంలో జవాబు బాగానే దొరుకుతుంది. రెండోదానికి ముక్కలు ముక్కలుగా దొరుకుతుంది. తగాదాలు పుట్టేది ఆ ముక్కలు అతికే చోటే.

తారు వెడల్పు ఎంత, రోడ్డు వెడల్పు ఎంత

చూసేవాళ్లకు తారే రోడ్డు. రికార్డుల్లో మాత్రం రోడ్డంటే మధ్య తారు, దానికి రెండు వైపులా మట్టి మార్జిన్, అక్కడి నుంచి కిందికి దిగే వాలు, ఆ వాలు అడుగున సైడు కాల్వ, దాని అవతలి గట్టు. ఇవన్నీ కలిపి రోడ్డు. మట్టి మార్జిన్‌ను ఇంజినీర్లూ కాంట్రాక్టర్లూ బెర్ము అంటారు. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో వేసే మామూలు రోడ్డుకు తారు 3.75 మీటర్లు, బెర్ములతో కలిపి పైభాగం 7.5 మీటర్లు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాల ప్రకారం ఊరి బయట మైదాన ప్రాంతంలో గ్రామ రోడ్డుకు 12 మీటర్లు, ఇతర జిల్లా రోడ్డుకు 15, ప్రధాన జిల్లా రోడ్డుకు 25, రాష్ట్ర, జాతీయ రహదారులకు 45 మీటర్ల నేల ఉండాలి. అంటే గ్రామ రోడ్డులో తారు మూడో వంతుకు లోపే. తక్కిన 8 మీటర్ల పైచిలుకు నేల మీదే కంప మొలుస్తుంది, పేడకుప్పలు లేస్తాయి, వడ్లు ఆరతాయి, బడ్డీ కొట్లు వెలుస్తాయి.

తారు పాడవడం చాలాసార్లు ఈ పక్క నేల దగ్గరే మొదలవుతుంది. తారును మధ్యలో ఉబ్బుగా, అంచులకు వాలుగా పోస్తారు. బెర్ముకు అంతకన్నా ఎక్కువ వాలు ఇస్తారు, నీరు ఆగకుండా కాల్వలోకి జారాలని. రెండు మూడేళ్లు ఎవరూ ముట్టుకోకపోతే గరిక పెరుగుతుంది. టైర్లు చిమ్మిన దుమ్మును ఆ గరిక పట్టి ఉంచుతుంది, బెర్ము తారు కన్నా రెండంగుళాలు పైకి లేస్తుంది. ఇక నీటికి దారి ఉండదు. తారు అంచునే నిలిచి కింది కంకర పొరలోకి దిగుతుంది. తడిసిన కంకర మీద ఇసుక ట్రాక్టరు పోతే అంచు విరుగుతుంది, ఆ విరుపు గుంత అవుతుంది. తారు నాసిరకం అని ఊరంతా అంటుంది. నిజంగా నాసిరకం తారు ఉన్న చోట్లు లేకపోలేదు కానీ, గుంతలన్నీ అంచు వెంటే వరసగా ఉంటే ముందు అనుమానించాల్సింది బెర్మునే.

దీనికి ఉల్టా కూడా జరుగుతుంది. వాన ధారలకు బెర్ము కోసుకుపోయి తారు కన్నా మూడు నాలుగంగుళాలు కిందికి దిగుతుంది. ఎదుటి లారీకి దారి ఇవ్వబోయి పక్కకు దిగిన బైకు మళ్లీ పైకి ఎక్కలేక పడేది అక్కడే. ఎత్తయిన బెర్మును చెక్కాలి, దిగిన బెర్మును గ్రావెల్ పోసి రోలరుతో తొక్కించాలి. రెండూ తారు పని కన్నా చౌక.

ఏ రోడ్డు ఎవరి చేతిలో ఉంది

జాతీయ రహదారులు 1956 చట్టం ప్రకారం కేంద్రానివి. వాటిని జాతీయ రహదారుల సంస్థ గానీ, కేంద్రం తరఫున రాష్ట్ర ఆర్ అండ్ బీలోని జాతీయ రహదారుల విభాగం గానీ చూస్తుంది. టోల్ రోడ్లలో కాల్వల పూడికతీత, డివైడర్ మీద గన్నేరు మొక్కలకు నీళ్లు, సర్వీసు రోడ్డు పక్క గడ్డి కోత కూడా నిర్వహణ ఒప్పందంలో భాగమే. రహదారి నేలలో ఆక్రమణలు తీసే అధికారం 2002లో వచ్చిన ప్రత్యేక చట్టం ఇచ్చింది.

రాష్ట్ర రహదారులు, ప్రధాన జిల్లా రోడ్లు ఆర్ అండ్ బీవి. వాటి కింది తరగతి రోడ్లు, గ్రామ రోడ్లు చాలావరకు పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ విభాగం చేతిలో ఉంటాయి. ఊరి లోపలి వీధులు గ్రామ పంచాయతీవి, పట్టణమైతే మున్సిపాలిటీవి.

గ్రామ సడక్ యోజన రోడ్లది వేరే లెక్క. 2000 డిసెంబరులో మొదలైన ఈ పథకంలో రోడ్డు వేసిన కాంట్రాక్టరే పని పూర్తయిన నాటి నుంచి 5 ఏళ్లు దాన్ని నిలబెట్టాలి. ఆ 5 ఏళ్ల జాబితాలో గుంతలు పూడ్చడంతో పాటు వాన కోతలు సరిచేయడం, బెర్ములు చదును చేయడం, కాల్వలు, తూములు శుభ్రం చేయడం, కొమ్మలు, గడ్డి కొట్టడం ఉన్నాయి. బిల్లు ఈ-మార్గ్ అనే ఆన్‌లైన్ పద్ధతిలో రోడ్డు పరిస్థితిని చూసి చెల్లిస్తారు. కాబట్టి మూడేళ్ల కిందట వేసిన సడక్ యోజన రోడ్డు పక్క కంప పెరిగితే, కొట్టాల్సింది పంచాయతీ కూలీలు కాదు, ఆ కాంట్రాక్టరు. ఆరో ఏడు నుంచి భారం రాష్ట్రం మీద పడుతుంది. అప్పుడు ఆ రోడ్డు మిగతా రోడ్లన్నిటితో పాటు నిధుల వరసలో నిలబడుతుంది. కొత్తగా, నున్నగా ఉన్న రోడ్డు ఏడో ఏటికి కంపలో కలిసిపోవడానికి పెద్ద కారణం ఇదే.

ఒక తరగతి నుంచి ఇంకో తరగతికి మారే రోడ్లకూ ఇలాంటి ఎడమే వస్తుంది. ఊరికి బైపాస్ పడితే లోపలి పాత రహదారిని రాష్ట్రానికో మున్సిపాలిటీకో అప్పగించాలి. అప్పగింత కాగితాల మీద పూర్తయ్యే దాకా అక్కడి కాల్వ తమదని ఎవరూ అనరు.

1905 చట్టంలో కాల్వ, గట్టు, కంచె

ఈ విషయంలో అన్నిటికన్నా సూటిగా మాట్లాడేది పాత మద్రాసు ప్రెసిడెన్సీలో 1905లో వచ్చిన భూ ఆక్రమణల చట్టం. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అది ఇప్పటికీ అమల్లో ఉంది. రోడ్లు, వీధులు, బాటలు, వంతెనలతో పాటు వాటి మీదా వాటి పక్కనా ఉన్న కాల్వలు, గట్లు, కంచెలు ప్రభుత్వ ఆస్తి అని ఆ చట్టం రెండో సెక్షన్ చెబుతుంది. వేరొకరి ఆస్తి అని తేలితే తప్ప వాటిని ప్రభుత్వానివిగానే చూస్తారు. రోడ్డు నేలలో రైతు గోరింట కంచె నాటుకున్నా, కాల్వ పూడ్చి కల్లం చేసుకున్నా, ఎన్నేళ్లు వాడుకున్నా అది ఆక్రమణే. తహసీల్దారు నోటీసు ఇచ్చి తీయించవచ్చు.

హద్దుకు లోపల, తన పట్టాలో ఉన్న కంచె రైతుదే. దాన్ని పెంచే హక్కూ అతనిదే, అది రోడ్డు మీదికి వాలకుండా చూసుకోవాల్సిన బాధ్యతా అతనిదే. అందుకే తగాదా వచ్చిన ప్రతిసారీ ముందు తేలాల్సింది హద్దు. ఆంధ్ర ప్రాంతంలో సర్వే నంబరు పటం, అంటే ఎఫ్ఎంబీ, తెలంగాణలో టిప్పన్ చూస్తే రోడ్డు పోరంబోకు వెడల్పు ఏ రాయి నుంచి ఏ రాయి వరకో తెలుస్తుంది. ఊళ్ల మధ్య డొంకలు, గోదావరి జిల్లాల్లో పుంతలు కూడా చాలాచోట్ల పోరంబోకుగానే నమోదై ఉంటాయి.

ఇక్కడే ఒక మెలిక ఉంది. సడక్ యోజనలో భూమి కొనడానికి డబ్బివ్వరు. బాట సన్నగా ఉన్నచోట రైతులు నోటిమాటగానో ఒక అంగీకార పత్రం మీదో కొంత నేల వదిలారు, రోడ్డు పడింది, రెవెన్యూ రికార్డు మాత్రం మారలేదు. అలాంటి చోట కాల్వ తన పట్టాలో ఉందని రైతు అంటే అది కాగితం మీద నిజమే. రోడ్డు దశాబ్దాలుగా ప్రజల వాడకంలో ఉందని శాఖ అంటే అదీ నిజమే. కోర్టుకు వెళ్లినప్పుడు వదిలినట్టు రాతపూర్వక ఆధారం ఉందా, వాడుక ఎంత పాతది అన్నవాటి మీదే తీర్పు తిరుగుతుంది.

ఊరి పొలిమేర దాటి లోపలికి వస్తే

ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం, 1994లోని 45వ సెక్షన్ గ్రామ పంచాయతీ తప్పనిసరిగా చేయాల్సిన పనులు చెబుతుంది. మురుగు కాల్వలు కట్టడం, మురుగు నీరు పంపించడం, వీధులు ఊడవడం, చెత్తకుప్పలు తీయడం, అడవిలా పెరిగిన పొదలు, నాగజెముడు నరికించడం, పాడుబడ్డ బావులు, నీరు నిలిచే గుంటలు పూడ్చడం అందులో ఉన్నాయి. నాగజెముడు పేరు పెట్టి రాశారంటే ఆ మాట పాత మద్రాసు చట్టాల నుంచి వచ్చిందని తెలిసిపోతుంది. ఇప్పుడా స్థానంలో సర్కారు తుమ్మ, వయ్యారిభామ ఉన్నాయి. తెలంగాణ 2018 చట్టం కూడా పారిశుద్ధ్యం, మురుగు పనులు పంచాయతీ మీదే పెట్టింది. పైగా నాటిన మొక్కల్లో 85 శాతం బతికించాలన్న షరతు చేర్చింది.

ఊరి మధ్య నుంచి ఆర్ అండ్ బీ రోడ్డు పోయినప్పుడు ఈ రెండు బాధ్యతలు ఒకదాని మీద ఒకటి పడతాయి. రోడ్డు కాల్వ శాఖది. అందులోకి ఇళ్ల వాడకం నీళ్లు వదిలింది ఊరు. వాన నీటి కోసం కొలిచి కట్టిన కాల్వలో ఏడాది పొడవునా సబ్బు నీరు, బురద, ప్లాస్టిక్ పారుతుంటే అది వానకాలానికి ముందే నిండిపోతుంది. రివాజు ఏమిటంటే కట్టేది శాఖ, తీసేది పంచాయతీ. ఈ రివాజుకు చాలాచోట్ల రాతకోతలు లేవు కాబట్టి సర్పంచి మారినా, శాఖ అసిస్టెంట్ ఇంజినీరు బదిలీ అయినా మళ్లీ మొదటికి వస్తుంది.

సీసీ రోడ్ల వల్ల ఇంకో సమస్య. పాత సిమెంటు రోడ్డు చెక్కకుండా దాని మీదే కొత్త పొర పోస్తారు. ఒక్కసారికి ఆరంగుళాలు అనుకుంటే రెండుసార్లకు అడుగు. వీధి లేచింది, ఇంటి గడప లేవలేదు, కాల్వ కట్టలేదు. కాల్వ లేని సీసీ రోడ్డే కాల్వ అయి కూర్చుంటుంది, దాని చివర ఇల్లున్నవాళ్ల వాకిలి చెరువవుతుంది.

ఒక కిలోమీటరు కాల్వకు లెక్క కడితే

పూడికతీతను చాలామంది శుభ్రతగా చూస్తారు. లెక్క వేస్తే అది రోడ్డు ప్రాణమని తెలుస్తుంది.

3.75 మీటర్ల తారు, కిలోమీటరు పొడవు. గంటలో 50 మిల్లీమీటర్ల వాన పడిందనుకుందాం. తారు మీద పడిన నీరు 1,87,500 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకర్లతో మోస్తే 37 నిండుతాయి, ఇంకో సగం మిగులుతుంది. రోడ్డు మధ్య ఉబ్బు వల్ల ఇది రెండు పక్కలకూ చీలుతుంది, ఒక్కో కాల్వకు సుమారు 94,000 లీటర్లు.

ఇప్పుడు పై పక్క పొలాలు. ఒక ఎకరం 4,047 చదరపు మీటర్లు. అదే వాన 5 ఎకరాల మీద పడి సగం ఇంకి సగం పారితే, పారేది దాదాపు 5 లక్షల లీటర్లు. రోడ్డు నీటితో కలిపి ఆ పక్క కాల్వలోకి గంటలో 6 లక్షల లీటర్లు. రోడ్డు కాల్వలో పారేది ముఖ్యంగా పొలాల నీరే అన్న ఇంజినీర్ల మాట వట్టి సాకు కాదు, లెక్కే చెబుతోంది.

కాల్వ అడుగు 45 సెంటీమీటర్లు, లోతు 45, పక్కలు ఏటవాలు, కిలోమీటరుకు మీటరు వాలు. శుభ్రంగా ఉంటే గంటకు సుమారు 7 లక్షల లీటర్లు మోస్తుంది. 6 లక్షలు సుళువుగా పోతాయి. అదే కాల్వ సగం లోతుకు పూడి, మిగతా సగంలో గడ్డి పెరిగితే ఏమవుతుంది? సగానికి తగ్గుతుందని అనిపిస్తుంది కానీ అంతకన్నా దారుణం. పారే వైశాల్యం తగ్గుతుంది, లోతు తగ్గినందుకు వేగం తగ్గుతుంది, గడ్డి ఆ వేగాన్ని మళ్లీ సగం చేస్తుంది. మూడూ కలిస్తే మిగిలేది నాలుగో వంతు, గంటకు 1.7 లక్షల లీటర్లు. తక్కిన 4 లక్షల పైచిలుకు రోడ్డెక్కక ఎక్కడికి పోతుంది?

పొలంలోకి ట్రాక్టరు దిగడానికి వేసే ర్యాంపులది మరో బాధ. కాల్వకు అడ్డంగా ఒక అడుగు వ్యాసం సిమెంటు పైపు పెట్టి మట్టి పోస్తారు. ఆ పైపు నిండా పారినా దాటేది గంటకు 2 లక్షల లీటర్ల చుట్టూనే. పై కాల్వ ఎంత వెడల్పుగా తవ్వినా గొంతు అక్కడ నొక్కుకుపోతుంది. ఇదే కాల్వకు రెండడుగుల పైపు కావాలి. కొన్నిచోట్ల పైపే ఉండదు, ఉత్త మట్టి. ర్యాంపు రైతు అవసరం కాబట్టి ఖర్చు రైతుది, అనుమతి రోడ్డు శాఖది. పైపు ఎంత సైజుండాలో శాఖ రాసివ్వకుండా, రైతు అడగకుండా జరిగిపోయే పని ఇది.

పూడిక తీసే తీరులో కూడా తప్పులు జరుగుతాయి. పని దిగువ చివర నుంచి మొదలై ఎగువకు రావాలి. పై నుంచి మొదలుపెడితే తవ్విన చోటల్లా నీరు నిలిచి, బురదలో కొలత దొరకదు. తీసిన మట్టి బెర్ము మీదే కుప్ప పోస్తే బెర్ము ఎత్తు పెరుగుతుంది, రెండో వానకు ఆ మట్టి మళ్లీ కాల్వలోకే జారుతుంది. జేసీబీతో లోతుగా తవ్వడం మంచిదనుకుని తూము అడుగు కన్నా కిందికి తవ్వుతారు. తూముకు ముందు అదొక గుంట అవుతుంది, నిలవ నీరు రోడ్డు కట్టలోకి చెమరుస్తుంది. రోడ్డు వాలును కోసి కాల్వ వెడల్పు చేస్తే కట్ట జారుతుంది. మే నెలాఖరులోపు ఒకసారి, కోస్తాలో తుపాన్ల కాలం ముందు సెప్టెంబరులో ఇంకోసారి తీయిస్తే కాల్వ ఆ ఏడాదికి నిలబడుతుంది.

కాల్వలా కనిపించే ప్రతిదీ సైడు కాల్వ కాదని కూడా చెప్పాలి. పాత రోడ్లు వేసేటప్పుడు కట్టకు మట్టి పక్కనే తీశారు. ఆ గుంటలు వరసగా ఉండి కాల్వలా కనిపిస్తాయి కానీ వాటికి వాలూ లేదు, చివరా లేదు. డెల్టాలో రోడ్డు పక్క పారేది సాగునీటి బోదె కూడా కావచ్చు. అది జలవనరుల శాఖది, దాని మీద నీటి వినియోగదారుల సంఘానికి 1997 చట్టం ప్రకారం బాధ్యత ఉంది. బోదె నీటిని నిలిపి పొలాలకు ఎక్కిస్తుంది, సైడు కాల్వ నీటిని నిలవనీయకుండా దించుతుంది. సైడు కాల్వకు అడ్డుకట్ట వేసి బోదెగా వాడుకుంటే రోడ్డు కట్ట నెలల తరబడి నానుతుంది.

పై పొలం నీరు కింది పొలం భరించాలా

1882 నాటి ఈజ్‌మెంట్ చట్టం, అంటే పక్కవాళ్ల నేల మీద ఉండే హక్కుల చట్టం, ఏడో సెక్షన్‌లో ఒక ఉదాహరణ ఉంది. పై నేల మీద సహజంగా పడిన, పుట్టిన నీరు, ఒక నిర్దిష్ట కాల్వలో కాకుండా, తనంతట తాను కింది నేలలోకి పారనివ్వాలని కోరే హక్కు పై నేల యజమానికి ఉంది. కాబట్టి కింది రైతు గట్టు వేసి ఆ నీటిని పైకి తన్నడం కుదరదు.

అయితే అందులో సహజంగా అన్న మాట ముఖ్యం. పై రైతు నాలుగు మళ్ల నీటిని ఒకే గండి పెట్టి కింది రైతు గట్టు మీదికి వదిలితే అది సహజ ప్రవాహం అనిపించుకోదు. రోడ్డు విషయంలోనూ ఇదే వాదన వస్తుంది. రోడ్డు వేయకముందు అర కిలోమీటరు వెడల్పున పలచగా పారిన నీరు, కట్ట పడ్డాక ఒక్క తూము దగ్గర చేరి ఒకే పొలంలో పడుతుంది. వాగు ఉన్నచోటే తూము పెట్టాం, పల్లం అదే అంటుంది శాఖ. పల్లమే కానీ ఇంత నీరు ఎప్పుడూ రాలేదంటాడు రైతు. తూము కింద రాతి పేర్పు, అక్కడి నుంచి వాగు దాకా కాల్వ తవ్వి ఉంటే శాఖ వాదన నిలుస్తుంది. తూము నోరు నేరుగా మడిలోకి తెరిచి వదిలేస్తే రైతు వాదనకే బలం.

మలుపు దగ్గర కంప: చూపు ఎంత దూరం ఆనాలి

గంటకు 50 కిలోమీటర్ల వేగంలో ఉన్న బండి అడ్డం చూసి ఆగడానికి 60 మీటర్ల చూపు కావాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం. ఒకే వరస రోడ్డు మీద ఎదురుబదురు బళ్లు రెండూ ఆగాలి కాబట్టి దానికి రెట్టింపు, 120 మీటర్లు.

100 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపులో 60 మీటర్ల చూపు ఆనాలంటే లోపలి పక్క, బండి నడిచే గీత నుంచి 4.5 మీటర్ల దాకా కంప ఉండకూడదు. 12 మీటర్ల రోడ్డు నేలలో రోడ్డు మధ్య నుంచి హద్దు 6 మీటర్లు. శాఖ తన నేలలో కొట్టుకుంటే చాలు. 120 మీటర్ల చూపు కావాలంటే ఆ దూరం 18 మీటర్లవుతుంది. అంటే రైతు పొలంలోకి 12 మీటర్లు. అక్కడ జొన్న వేసినా, కంది వేసినా చూపు ఆగుతుంది. పంట తీసెయ్యమని ఎవరూ అనలేరు. అలాంటి మలుపులో కంప కొట్టడంతో పాటు వేగం తగ్గించే ఏర్పాటూ కావాల్సిందే.

పట్టణాల్లో రోడ్డు వైపు కంచె ఎత్తు తగ్గించమని, రోడ్డు మీదికి వాలిన కొమ్మలు కొట్టమని ఇంటి యజమానికి నోటీసు ఇచ్చే అధికారం మున్సిపాలిటీకి ఉంది. ఊళ్లలో దారికి అడ్డమైన కంచె, కూలబోయే చెట్టు, దారి పక్క కట్టడి లేని బావి విషయంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద ఆర్డీఓ వంటి ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు షరతుతో ఆదేశం ఇవ్వవచ్చు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 133వ సెక్షన్ ఇదే. దారికి అడ్డంకి కల్పిస్తే భారతీయ న్యాయ సంహిత 285వ సెక్షన్ కింద 5,000 రూపాయల దాకా జరిమానా ఉంది.

సర్కారు తుమ్మ గురించి ఒక్క మాట. మొదలు పైన కొడితే ఒక్క కాండం ఉన్నచోట ఐదారు పిలకలు లేస్తాయి, ఏడాదికి ముందుకన్నా దట్టమవుతుంది. మోడుతో పెకిలించాలి, పెకిలించిన గుంటను మట్టితో పూడ్చి తొక్కించాలి. జంగిల్ క్లియరెన్స్ పేరుతో ఏటా బిల్లయ్యే పని ఏటా అక్కడే ఎందుకు మిగులుతోందంటే, చాలాచోట్ల కొట్టేది కొమ్మల్నే.

చెట్టు కూలితే జవాబు చెప్పేదెవరు

రోడ్డు నేలలోని చింత, వేప, మర్రి రోడ్డు ఎవరిదో వారివే. చింతపండు వేలం డబ్బు ఎవరి ఖాతాలో పడుతుందో చూస్తే యజమాని ఎవరో తేలిపోతుంది. నరకాలంటే 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలి. కరెంటు తీగల కింది కొమ్మలు డిస్కం సిబ్బంది కొడతారు. 2003 విద్యుత్ చట్టం 68వ సెక్షన్ ప్రకారం తీగ పడకముందే ఆ చెట్టు అక్కడ ఉంటే దాని సొంతదారుకు పరిహారం ఇప్పించవచ్చు, తీగ తర్వాత నాటిన చెట్టుకు ఆ వీలు లేదు. కొట్టిన కొమ్మలు కాల్వలోనే వదిలి వెళ్లడం దగ్గర మాత్రం రెండు శాఖల పని ఒకదాన్నొకటి చెడగొడుతుంది.

మనిషి మీద చెట్టు పడితే? సుప్రీంకోర్టు రెండు తీర్పులు పక్కపక్కన పెట్టి చదవాలి. 1997లో రాజ్‌కోట్ నగరపాలక సంస్థ కేసులో, రోడ్డు పక్క చెట్టు కూలి పాదచారి చనిపోయినా సంస్థది నిర్లక్ష్యం కాదంది. చెట్టుకు లోపం ఉన్నట్టు ముందే తెలిసే అవకాశం ఉందని రుజువు కాలేదు. 1999లో ఢిల్లీ నగరపాలక సంస్థ కేసులో, స్కూటరు మీద పోతున్న మనిషిపై కొమ్మ విరిగి పడితే సంస్థే బాధ్యురాలంది. ఎండిపోయిన చెట్టును చూసి తీయాల్సిన పని దానిదే. రెంటినీ కలిపి చదివితే గీత స్పష్టంగానే ఉంది: కంటికి కనిపించే ప్రమాదాన్ని వదిలేస్తే బాధ్యత తప్పదు. ఎండిన కొమ్మ గురించి ఊళ్లోవాళ్లు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, దాని మీద తేదీ ముద్ర పడి ఉంటే, మాకు తెలియదనే మాటకు తావుండదు.

పక్క నేల ఎవరికి అప్పగించాలన్న వాదన

ఒక వాదన: తారు నుంచి హద్దు రాయి దాకా అంతా ఒకే శాఖ చూడాలి. కాల్వ చెడితే తారు చెడుతుంది కాబట్టి రెంటికీ ఒకే బిల్లు, ఒకే జవాబుదారీ ఉండాలి. ఇది ఇంజినీరింగ్‌కు సరిపోయే మాట. ఆచరణలో నిధులు తగ్గినప్పుడల్లా శాఖ తారుకు పెట్టుకుంటుంది, కాల్వను వదిలేస్తుంది. గుంత ఫొటోలో కనిపిస్తుంది, పూడిక కనిపించదు.

రెండో వాదన: పక్క నేలను ఊరికే ఇచ్చేయాలి. పాతకాలంలో కుడిమరామత్తు పేరుతో రైతులే చెరువు కాల్వలు తీసుకునేవారు. ఉత్తరాఖండ్, హిమాచల్‌ప్రదేశ్‌లలో గ్రామీణ రోడ్ల బెర్ములు, కాల్వల పనిని మహిళా సంఘాలకు ఇచ్చారు. దీనికి జేసీబీ, రోలరు అక్కర్లేదు, పార, గడ్డపార చాలు. ఊరివాళ్లు నెలనెలా చూస్తారు కాబట్టి తూము నోట్లో కొమ్మ పడిన రోజే తీస్తారు. కానీ కుడిమరామత్తులో పని చేసినవాడి పొలానికే నీరు పారేది. రోడ్డు కాల్వ ఆ కొలతకు సరిపడదు. ఎవరికీ సొంత లాభం లేని చోట కూలి ఇవ్వకుండా పని చేయించలేం. ఉపాధి హామీ కూలీలతో చేయిస్తే కొలతలు తీసే మనిషి కావాలి, వానకు ముందే పని మంజూరు కావాలి.

మూడో వాదన పక్క రైతు మీద పెట్టడం. అతని ర్యాంపు, అతని కంచె, అతని గండి వరకు ఇది న్యాయమే. ఊరంతటి నీరు మోసే కాల్వను తన పొలం ముందు ఉందని ఒక్కడే తవ్వాలనడం న్యాయం కాదు. చిన్న కమతమున్న రైతుకు 60 మీటర్ల రోడ్డు ముఖం ఉండవచ్చు, పక్క పది ఎకరాల ఆసామికి పది మీటర్లే ఉండవచ్చు.

మూడు కిలోమీటర్ల రోడ్డు వెంట ఒక లెక్క

ఊహకు ఒక ఆర్ అండ్ బీ జిల్లా రోడ్డు తీసుకుందాం. సున్నా నుంచి 800 మీటర్ల దాకా ఊరు. అక్కడ కాల్వ కట్టింది శాఖ, చెత్త, మురుగు తీయాల్సింది పంచాయతీ. 800 దగ్గర ఇంటి ప్రహరీ మీది నుంచి కాగితంపూల తీగ రోడ్డు మీదికి వాలింది, అది ఇంటివాళ్లు కత్తిరించాలి. 1,200 దగ్గర తాగునీటి పైపు కోసం బెర్ము తవ్వి పొరలు పొరలుగా తొక్కించకుండా పూడ్చారు, అది కుంగింది. తవ్వే ముందు కట్టించుకున్న డిపాజిట్‌తో శాఖ బాగుచేయాలి. 1,700లో మలుపు, లోపలి పక్క పోరంబోకులో సర్కారు తుమ్మ శాఖది, హద్దు అవతలి కంచె రైతుది. 2,100లో ర్యాంపు కింద పైపు లేదు, ఖర్చు రైతుది, పైపు సైజు చెప్పాల్సింది శాఖ. 2,600లో ఎండిన వేప, అది శాఖ అనుమతి తీసుకుని కొట్టించాలి.

2,960 దగ్గర రోడ్డు కాల్వ హద్దు రాయి దగ్గర ఆగుతుంది. అక్కడికి 40 మీటర్ల దూరంలో జలవనరుల శాఖ మురుగు కాల్వ ఉంది. దానిలో గుర్రపుడెక్క తీయడం ఆ శాఖ డ్రెయిన్ల విభాగం పని. మధ్య 40 మీటర్లు ఒక రైతు పట్టా. పూర్వం అక్కడ చిన్న మురుగు బోదె ఉండేది, దున్నుతూ దున్నుతూ అది పొలంలో కలిసింది. ఆర్ అండ్ బీ అంచనా పట్టికలో ఆ 40 మీటర్లు లేవు, జలవనరుల శాఖ పటంలో లేవు, పంచాయతీ తీర్మానంలోనూ లేవు. పై మూడు కిలోమీటర్లలో ఎవరి పని వారు సరిగ్గా చేసినా నీరు 2,960 దగ్గరే ఆగుతుంది. రైతుకు ఆ పట్టీ నేల విలువ కట్టి, అంగీకారం రాయించుకుని, సర్వే నంబరు విడగొట్టి బోదెను రికార్డులోకి ఎక్కిస్తే తప్ప అది కదలదు.